ఎండు నెత్తళ్ళ జేబు

జగన్నాధానికి చేపల వాసన పడదు. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. సముద్రపొడ్డునున్న కొనాడ నుంచి విజయనగరం వచ్చే బస్సులో, మెట్ల దగ్గర పెట్టిన చేపల గంపల నీళ్ళు చెప్పుల్లోకి కారితే, ఆ కాళ్ళతోనే మధ్యాహ్నం దాకా టిక్కెట్లు కొట్టినవాడు. ఉద్యోగంలో చేరిన ఏడాదే చేప తినడం మానేశాడు. అలాంటివాడు అరవై రెండో ఏట, గజపతినగరంలో పొద్దున్నే ఆరింటికి లాల్చీ జేబులో గుప్పెడు ఎండు నెత్తళ్ళు, వేలెడంత చేపలు, పోసుకుని నడకకి బయల్దేరుతున్నాడంటే అంతా ఆ కుక్క పుణ్యమే.

కుక్క అతనిది కాదు. పై వాటాలో అద్దెకున్న బ్యాంకు ఉద్యోగి బదిలీ మీద పోతూ, "పది రోజుల్లో వచ్చి తీసుకెళ్తానండి" అని గేటుకి కట్టేసి పోయాడు. మళ్ళీ ఫోను ఎత్తలేదు. నల్లగా ఉంటుంది కాబట్టి వీధి వాళ్ళు కర్రోడన్నారు. కాళ్ళు పొడుగు, బుర్ర తక్కువ. ఇంట్లో మూలన పడి ఉంటుంది. వీధిలోకి తీసుకెళ్తే మాత్రం కదిలేదల్లా దానికి శత్రువే. సైకిలు, ఆటో, గాలికి దొర్లే పాల కవరు, ఏదైనా సరే. మోటారు సైకిలైతే మరీను. రెండుసార్లు జగన్నాధాన్ని బోర్లా పడేసి ఈడ్చుకుపోయింది. మూడోసారి ఎదురింటి త్రినాథ్ బండికి అడ్డం పడింది. కుర్రాడు బండితో సహా మురిక్కాలువలోకి పోయాడు.

ఆ సాయంత్రం మోచేతికి కట్టుతో వచ్చాడు త్రినాథ్.

"మావా, నీమీద గౌరవంతో సెప్తన్నాను. ఇంకొక్కపాలి ఎవుడి బండెనకాలైనా పడిందనుకో, గోనెసంచిలో కట్టి బొబ్బిలి రోడ్డు మీద ఒదిలేసొస్తాను. వీధంతా ఒకే మాట మీద ఉన్నాది."

"అది నా కుక్క కాదురా."

"మరింకేటి? తాడిలాగియ్యి, ఇప్పుడే పట్టుకుపోతాను."

జగన్నాధం తాడివ్వలేదు. ప్రేమ కాదు. బొబ్బిలి బస్సులో చేసిన రోజుల్లో, ఫుట్‌బోర్డు మీద నిలబడి ఆ రోడ్డు మీద అతను చూసినవి ఎన్నో. మెడలో బెల్టుతో సహా తారుకి అంటుకుపోయిన కుక్కలు. బెల్టు ఉందంటే ఎవరో పెంచి వదిలేశారని. బళ్ళ వెంట పడే కుక్క ఆ రోడ్డు మీద రెండు రోజులు కూడా బతకదు. కుక్క మీదకన్నా అలా వదిలేసే మనుషుల మీదే అతనికి ఎక్కువ రోత.

ముందు తనకి తెలిసిన విద్యే వాడాడు. పాత విజిల్ తీశాడు. ఒక్క విజిల్ వేస్తే బస్సు ఆగుతుంది కదా, కుక్క ఎందుకు ఆగదనుకున్నాడు. బండి కనిపించినప్పుడల్లా ఊదాడు. వారం తిరిగేసరికి కర్రోడికి ఒకటి బాగా అర్థమైంది: విజిల్ వినపడితే బండి వస్తోందని. ఆ తర్వాత బండి కనపడక్కర్లేదు, విజిల్ ఊదితే చాలు, పరుగే. జగన్నాధం విజిల్‌ని చెత్తబుట్టలో పడేశాడు.

సంత రోజున కుక్క అతన్ని ఒక మోటారు సైకిలు వెంట జనంలోంచి లాక్కుపోయింది. సగం దారిలో ఉన్నట్టుండి ఆగింది. బండి పోయింది. కర్రోడు మాత్రం ఒక గోనెపట్టా ముందు తోకాడిస్తూ నిలబడింది. పట్టా మీద ఎండు చేపల కుప్పలు, వెనక కర్ర ఎత్తిన కూర్మమ్మ. కొనాడ నుంచి వచ్చి అమ్ముకునే మనిషి.

"ఏటి కండక్టరు బాబూ, కుక్కని నువ్వు తిప్పతన్నావా, నిన్ను కుక్క తిప్పతన్నాదా?"

జగన్నాధం ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"అప్పుడు బస్సులోనూ ఇలగే ముక్కు మూసుకున్నావు. గంప కంపని నెల్లిమర్ల కాడ దించేసినావు. గురుతున్నాదా?"

"ఉంది. కంపే కదా మరి."

"కంపే. ఆ కంపే ఇప్పుడు నిన్ను నిలబెట్టింది."

ఆమె కర్ర దించి, నాలుగు నెత్తళ్ళు తీసి కుక్క ముక్కు దగ్గర పెట్టింది. పక్కనుంచి ఆటో పోయినా అది తల తిప్పలేదు.

"బండి మీదకొచ్చినాక లాగితే ఏటి లాభం? దూరంగా ఉన్నప్పుడే దీన్ని సూడు. సెవులు నిక్కుతాయి, నోరు మూసుకుంటాది. అప్పుడే ముక్కు కాడ పెట్టాల. కన్ను బండికి అతుక్కున్నాదంటే ఇంక దేవుడొచ్చినా ఇనదు. మా కొడుకు దాలయ్య వలలారేసిన కాడ కుక్కల్ని ఇలగే దారిలో పెడతాడు. లేపోతే కాకులెనకాల పడి వలలు సింపేస్తాయి."

"బిస్కట్లు పెడితే అవదా?"

"బిస్కట్టు కోసం బండినొగ్గేస్తాదేటి? నువ్వైతే ఒగ్గేస్తావా?"

అలా మొదలైంది. మొదటి వారం రోడ్డుకి దూరంగా, పొలం గట్టు మీద. బళ్ళు అక్కణ్ణుంచి చీమల్లా కనిపిస్తాయి. చెవి నిక్కితే చేప. రెండో వారం పది అడుగులు ముందుకి. ఆలస్యమై కన్ను అతుక్కుంటే వెనక్కి తిరిగి వచ్చేయడం, మర్నాడు మళ్ళీ దూరం నుంచి మొదలు. ఎండలు ముదిరాయి. చెమటకి జేబు తడిసి, నెత్తళ్ళు ముద్దయ్యేవి. జేబు చుట్టూ ఈగలు. గోళ్ళలో పొలుసులు. ప్రతి చేపకీ కర్రోడి చొంగ అరచేతి నిండా. జగన్నాధం చెయ్యి గట్టు మీది గడ్డికి తుడుచుకునేవాడు.

"ఆ లాల్చీ బయట మేకుకి తగిలించు. గడప దాటిందంటే తగలెట్టేస్తాను" అనేది భార్య లక్ష్మీనరసమ్మ.

సబ్బు, నిమ్మచెక్క, చింతపండు, బూడిద, అన్నీ అయ్యాయి. వాసన పోలేదు. అన్నం చెంచాతో తినడం మొదలుపెట్టాడు.

ఏడో వారం సొంత వీధిలోకి తెచ్చాడు. త్రినాథ్ అరుగు మీద నుంచి చూసి, నవ్వి, బండి తీశాడు. వీధి చివరి దాకా పోయి, అక్కడ యాక్సిలేటరు గట్టిగా తిప్పుతూ, రొద చేస్తూ వచ్చాడు. కర్రోడి నోరు మూసుకుంది. జగన్నాధం చేప పెట్టాడు. బండి దాటిపోయింది. త్రినాథ్ మళ్ళీ తిరిగాడు. ఈసారి ఇంకా దగ్గరగా, కాలు చాపి కవ్విస్తూ. తాడు బిగుసుకుంది, వదులైంది. కుక్క కింద కూర్చుని జేబు వైపు చూసింది. మూడోసారి బండి ఆగింది.

త్రినాథ్ కాలు చాపి కవ్వించిన తీరుకి ఒళ్ళు మండి, జగన్నాధానికి చేపల కంపు కాసేపు గుర్తు రాలేదు.

"కంపు కొడతన్నావు మావా."

"కొడతాను. నీ గోనెసంచి నువ్వు మడతెట్టుకో."

త్రినాథ్ ఏదో గొణిగి బండి ఇంట్లో పెట్టుకున్నాడు. ఇక ఎవరూ కుక్కనడగరు. అది తేలిపోయింది. తేలిపోతే చేపల పీడ కూడా వదులుతుందని ఏడు వారాలుగా జగన్నాధం మనసులో అనుకుంటూనే ఉన్నాడు.

మలుపులో ఒక సైకిలు కనిపించింది. కర్రోడు చెవులు నిక్కించి, వెంటనే తల తిప్పి అతని ముఖంలోకి చూసింది. పక్కా టిక్కెట్టున్న ప్రయాణికుడిలా. అతని చెయ్యి తనంతట తానే జేబులోకి పోయింది. చేపలు అయిపోయాయి. అడుగున మిగిలిన తలల పొట్టు, తడి ఇసుకలా వేళ్ళకి అంటుకుంది.

"థూ," అన్నాడు జగన్నాధం. వంగి, వేళ్ళు నాకించాడు.