ఎర్ర లైటు, సైదా మాస్టారి గోడ

ఆ మధ్య ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, తలుపు గడియ పెట్టి, లోపలంతా ఎర్ర లైట్లున్న ప్లాస్టిక్ ముసుగు ముఖానికి తగిలించుకుని స్విచ్ నొక్కాను. కళ్ళు గట్టిగా మూసుకున్నా రెప్పల్లోంచి ఎరుపు లోపలికి వచ్చింది. వెంటనే ముక్కుకి పుల్లటి వాసన తగిలింది. నిజానికి ఆ గదిలో అలాంటి వాసనేదీ లేదు. అది ఎప్పటిదో, సైదా మాస్టారి డార్క్‌రూములో ఫోటో పేపర్లు ముంచే ట్రేల వాసన. ముడతలు పోవాలని దొంగలా తలుపేసుకున్న మనిషికి, ఉన్నట్టుండి గుర్తు రావడానికి ఆయనే దొరికారా! యాభై దాటిన ముఖం, దాని మీద సీరం, ఆ పైన ఎర్ర లైటు. ఆయన ఎదురుగా నిలబడి చూస్తున్నట్టే అనిపించి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన్ని ఎరగనివాళ్ళకి చెప్పాలి. నరసరావుపేటలో చిన్న ఫోటో స్టూడియో ఆయనది. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ దువ్వెన ఉండేది, అది ఆయనకి కాదు, వచ్చినవాళ్ళకి. ఆడవాళ్ళు ఫోటోకి కూర్చుంటే పైట సర్దడానికి, గడ్డం పట్టుకుని తల కాస్త ఎత్తడానికి ఒక ఆడపిల్ల కావాలని వెతుకుతుంటే, టెన్త్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను మా అమ్మ తీసుకెళ్ళి అప్పగించింది. కొన్నాళ్ళకి డార్క్‌రూము పని కూడా నేర్పుతానన్నారు. పెళ్ళికాని పిల్ల చీకటి గదిలోకి వెళ్తే ఊరు ఊరుకుంటుందా? అందుకని ఆయన భార్య బీబమ్మగారు ఆ తలుపు పక్కనే పీట వేసుకుని, నేను లోపల ఉన్నంతసేపూ చింతపండు గింజలు తీస్తూ కూర్చునేది. ఒక్కరు నోరెత్తితే ఒట్టు. ఆవిడ్ని నేను అప్పటి నుంచీ అమ్మా అనే పిలుస్తాను.

మొదటిరోజు ఎర్ర బల్బు కింద నా చేతులు ఒకటే వణుకు. పేపరు పాడైపోతుందని భయం.

"ఏంది రూతమ్మా, అట్టా వణుకుతున్నావు? ఎర్ర లైటు ఈ పేపర్ని ఏం చెయ్యదు. ఎంతసేపైనా ఉంచు. మందులో వేశాక తొందరపడబాక. మొహం వచ్చిందాకా చూస్తా ఉండు," అన్నారు.

తెల్ల కాగితం మీద ముందు జుట్టు, తర్వాత కళ్ళు, ఆ తర్వాత నవ్వు మెల్లగా తేలాయి. నేను నోరు తెరిచేశాను. ఆ రోజు నుంచీ ఎర్ర లైటంటే నాకు భయం లేకుండా పోయింది. అదే చివరికి నా కొంప ముంచింది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఆ పైన రీటచింగ్ నేర్పారు. నెగటివ్ మీద ముడత తెల్లగా కనపడుతుంది. సన్నటి పెన్సిలుతో నాజూగ్గా రుద్దితే ఫోటోలో అది మాయమైపోతుంది. నా చెయ్యి బాగా కుదిరింది. మాచర్ల నుంచి కూడా పెళ్ళి ఫోటోలు నా చేతికి వచ్చేవి. అయితే ఆ స్టూడియోలో ఒక పద్ధతి ఉండేది. షాపు తెరిచిన రోజు ఏటా పొద్దున్నే ఆయన వెనకగది గోడకి రెండు మేకులు కొట్టేవారు, ఒకటి ఆయనకి, ఒకటి నాకు. తర్వాత ఒకరినొకరం ఫోటో తీసుకుని, పెన్సిలు ముట్టకుండా కడిగి తగిలించాలి. మొదటి ఏడు నా బుగ్గల నిండా మొటిమలు.

"తగ్గాక దిగుతాను మాస్టారూ," అన్నాను.

"తగ్గాక దిగితే అది ఈ ఏటి ఫోటో కాదు గదా! రోజూ ఊరందరి మొహాల మీదా పెన్సిలు పెడతన్నాం. ఏడాదికోసారన్నా మన మొహం ఎట్టుందో అట్టా గోడెక్కాల. లేకపోతే మన చేతికి పొగరెక్కుద్ది. కూర్చో!"

కూర్చున్నాను. ఆ మొటిమల పిల్ల ఇప్పటికీ గోడ మీద మూతి ముడుచుకునే ఉంది.

ఆయన ఆఖరి ఫోటో నేనే తీశాను. పక్షవాతం వచ్చి మూతి ఒక పక్కకి లాగేసింది. ఈ ఏటికి వద్దులెండి మాస్టారూ అంటే, నా వంక ఉరిమి చూసి, జేబులోంచి దువ్వెన తీసి, కదిలే చేత్తోనే తల దువ్వుకుని కుర్చీలో కూర్చున్నారు. లెన్సు వైపు సూటిగా చూశారు. కొన్ని నెలలకే పోయారు. స్టూడియో నాకొచ్చింది. పద్ధతి కూడా నాకే వచ్చింది.

దాన్ని నిలబెట్టలేకపోయాను. ఇప్పుడు పెన్సిలు లేదు, కంప్యూటర్లో ఒక్క నొక్కుతో ఎవరి వయసైనా పదేళ్ళు తగ్గిస్తాను. పొద్దస్తమానం అదే పని చేసీ చేసీ, అద్దంలో నా ముఖం కూడా ఇంకా పూర్తికాని పనిలా కనిపించడం మొదలైంది. జారిన బుగ్గలు, కళ్ళ కింద సంచులు, మంగు మచ్చలు. ఆయన పోయాక వచ్చిన మొదటి ఏడు అమ్మ, అదే బీబమ్మగారు, సుత్తి, మేకు పట్టుకుని వచ్చి, తనే కొట్టి, "రా, నేను తీస్తా," అంది. కెమెరా రిపేరులో ఉందన్నాను. మరుసటి ఏడు కరెంటు లేదన్నాను. రెండుసార్లూ మేకు కొట్టి వెళ్ళిపోయింది. గోడ మీద రెండు ఖాళీ మేకులు మిగిలాయి.

ఈసారి ఎలాగైనా కూర్చోవాలనుకున్నాను. కూర్చునేలోగా ముఖం కాస్త బాగుచేసుకోవాలనుకున్నాను. గుంటూరులో స్కిన్ క్లినిక్కులో పనిచేసే మా మేనకోడలు ఆ ముసుగూ, రెండు సీరం సీసాలూ ఇచ్చి నెత్తీ నోరూ కొట్టుకుని మరీ చెప్పింది. "అత్తా, ముఖం కడిగి తుడుచుకుని లైటు పెట్టుకో. డబ్బా మీద రాసినంతసేపే, ఎక్కువ వద్దు. తేమ ఇచ్చే సీరం ఆ తర్వాత. ముడతలకిచ్చిన ఈ రెటినాల్ సీసా మాత్రం లైటుతో కలపబాక, వేరే రోజు రాత్రిపూట రాసుకో." నేను వింటేగా! డార్క్‌రూములో పెరిగినదాన్ని, నాకా ఎర్ర లైటు గురించి చెప్పేది? ముందు మందు, ఆ తర్వాత ఎర్ర లైటు, ముఖం వచ్చిందాకా చూస్తూ ఉండడం. నాకు తెలిసిన పద్ధతి అదే. ఆ ఆదివారం రెండు సీరాలూ దండిగా పట్టించి, మంట పుడుతున్నా పనిచేస్తోందిలే అనుకుని, డబ్బా మీద రాసిన సమయం దాటినా అలాగే పడుకున్నాను. నా చర్మం ఫోటో పేపరా, నా మొహమా!

తెల్లారేసరికి బుగ్గలు మండుతూ కందిపోయాయి. మర్నాటికి పొట్టు లేచింది. అదే షాపు తెరిచిన రోజు. అమ్మ సంచిలో సుత్తి, మేకు, గిన్నెలో సేమియా పట్టుకుని వచ్చింది. చూపు సరిగా ఆనక చేత్తో నా బుగ్గ తడిమి ఉలిక్కిపడింది.

"ఏందే ఇది, కాలిందా?"

ఇక ఆగలేకపోయాను. ముసుగూ సీరమూ మొత్తం చెప్పి ఏడ్చేశాను. అమ్మ తాపీగా విన్నది.

"పూసుకుంటే పూసుకున్నావులే. ఈ వయసులో నేను కళ్ళకి సుర్మా పెట్టుకోవట్లా? అందులో సిగ్గేముంది? కానీ కెమెరా రిపేరని నాతో ఎందుకన్నావే? ఆ సాయంత్రమే అదే కెమెరా మెళ్ళో ఏసుకుని మా ఇంటి ముందు నుంచే పెళ్ళికి పోతివి గదా."

రెండేళ్ళుగా తెలుసన్నమాట! తెలిసీ మేకు కొట్టి వెళ్ళింది. భూమి చీలితే బాగుండనిపించింది. స్టాండు మీద కెమెరా పెట్టి, ఎక్కడ నొక్కాలో ఆవిడ వేలికి చూపించి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. మాస్టారి ఆఖరి ఫోటో సరిగ్గా నా ఎదురుగా ఉంది. అమ్మ నొక్కింది.

కంప్యూటర్లో తెరిచాను. కందిన బుగ్గలు, లేచిన పొట్టు, ఏడ్చి ఉబ్బిన కళ్ళు. చెయ్యి అలవాటుగా మౌసు మీదకి పోయింది. అమ్మకి తెర ఎలాగూ కనపడదు.

"ఎట్టొచ్చింది?" అంది వెనక నుంచి.

"చానా ఘోరంగా ఉందమ్మా."

"అయితే తగిలించు."

తగిలించాను. బుగ్గలు మానాయి. ముసుగు కూడా పారేయలేదు, ఇప్పుడు తలుపు తీసి పెట్టుకుని, మేనకోడలు చెప్పినట్టే వాడుతున్నాను. వెనకగదికి వచ్చినవాళ్ళు నా కాలిన ముఖం చూసి నవ్వితే నేనూ నవ్వుతాను. దాని పక్కన మేకులు రెండూ ఖాళీ ఎందుకని అడిగినప్పుడే తల దించుకుని లైటు ఆర్పేస్తాను.