ఆధారం కావాలి

పోయిన వారం మా బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక వాక్యం వచ్చింది: "మన హిస్టరీ టీచర్ ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు." దాని కిందే ఎవరో అడిగారు: "ఎవరు చెప్పారు?" చావు కబురు కింద అలా అడగడం బయటివాళ్ళకు మోటుగా కనిపించవచ్చు. మాకు అలా అనిపించలేదు. ఏ మాట విన్నా ముందు ఆ ప్రశ్న వేయమని మాకు నేర్పింది ఆవిడే. జవాబు నేను రాశాను: "నేను పక్కనే ఉన్నాను."

సికింద్రాబాద్‌లో ఆవిడ దగ్గర చదువుకున్నాను. పెళ్ళయి ఏ.ఎస్. రావు నగర్‌కు కాపురానికి వచ్చి చూస్తే, ఎదుటి ఫ్లాట్‌లో ఆవిడే. అప్పటికే రిటైరయ్యారు. ఒంటరి మనిషి. పొద్దున్నే బైబిలు చదువుకుని, బీరకాయో దొండకాయో తరిగి పెట్టుకుని, కంప్యూటర్ ముందు కూర్చునేవారు. ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే విజ్ఞాన సర్వస్వం ఇంటర్నెట్‌లో తెలుగులోనూ ఉంది కదా, దానికి వ్యాసాలు రాసేవారు. సొంత పేరు పెట్టుకునేవారు కాదు. "పేరెందుకమ్మా, పిల్లలకి పనికొస్తే చాలదూ?" అనేవారు.

ఆవిడ అన్నిటికన్నా ప్రేమగా రాసింది ఒక విదేశీ చరిత్రకారుడి జీవితం. రాజుల వరుసను కాకుండా పంటలూ రోగాలూ ఓడలూ దేశాల మధ్య ఎలా తిరిగాయో చెబుతూ ప్రపంచ చరిత్ర రాసిన పెద్దమనిషి. ఆ వ్యాసంలో ఒక్కో మాటకు ఎంత తర్జనభర్జన పడేవారో. ఒకసారి నేను పప్పుకు తాలింపు పెడుతుండగా తలుపు తట్టి, "సరిహద్దు అంటే కంచె గుర్తొస్తోంది. పొలిమేర అంటే బాగుంటుందా?" అని అడిగారు. నేను ఏదో అన్నాను. ఆవిడ మాత్రం అక్కడే నిలబడి రెండు మాటలనూ పెదాల మీద తిప్పి చూసుకుని వెళ్ళిపోయారు.

ఆయన మీద అంత ప్రేమ ఎందుకో మా బడిలో అందరికీ తెలుసు. ప్రతి ఏడూ మొదటి క్లాసులో ఆ సంగతే చెప్పేవారు. చిన్నప్పుడు, మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో ఉండే రోజుల్లో, వాళ్ళ నాన్నగారు ఆవిడను సికింద్రాబాద్‌లో ఒక ఉపన్యాసానికి తీసుకెళ్ళారు. మాట్లాడింది ఆ చరిత్రకారుడే. చివర్లో ఈ పిల్ల లేచి, "మీ ప్రపంచ చరిత్రలో మా మౌలాలి ఎక్కడుంది?" అని అడిగింది. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. వేదిక మెట్లు దిగి పిల్ల దగ్గరికి వచ్చి, పొద్దున ఏం తిన్నావని అడిగాడు. అన్నం, మిరపకాయ పచ్చడి అని చెప్పింది. "ఆ మిరపకాయ సముద్రాలు దాటి మీ ఇంటికి వచ్చింది. అది వచ్చిన దారి వెతుకు. మీ ఊరు ఆ దారిలోనే ఉంటుంది" అన్నాడట. ఆ మాటతోనే ఆవిడ హిస్టరీ టీచరయ్యారు.

వ్యాసం చివర ఆవిడ ఒక వాక్యం చేర్చారు, ఆయన ఒకసారి సికింద్రాబాద్ వచ్చి ఉపన్యసించారని. కొన్నాళ్ళకు, ఎక్కడో ఉండే ముక్కూమొహం తెలియని మరో రచయిత ఆ వాక్యం పక్కన "ఆధారం కావాలి" అని గుర్తు పెట్టారు. నాకు ఒళ్ళు మండింది.

"మీరు కండ్లార చూసిన్రు గద టీచర్. గింత దానికి పరేషానెందుకు? నేనే చూసిన అని రాసెయ్యరాదు?"

"నేను చూశానన్నది నాకు ఆధారం. చదివేవాళ్ళకి కాదు. అడిగినవాళ్ళు న్యాయంగానే అడిగారు. శనివారం లైబ్రరీకి వెళ్తాను, తోడొస్తావా?"

అలా ఎన్నో శనివారాలు వెళ్ళాం. పాత పత్రికల కట్టలు విప్పితే అంచులు పొడిపొడిగా రాలేవి. ఆవిడ ముక్కుకు పైట చుట్టుకుని పేజీ తర్వాత పేజీ తిప్పేవారు. చివరికి వార్త దొరికింది. అదే హాలు, అదే సభ. కానీ ఒంట్లో బాగాలేక ఆ పెద్దమనిషి ప్రయాణం మానుకున్నారని, ఆయన బదులు ఆయన శిష్యుడొకరు వచ్చి మాట్లాడారని అందులో ఉంది. శిష్యుడి పేరు కూడా వేయలేదు.

ఆవిడ ముఖంలోకి చూడటానికి నాకు భయమేసింది. ఒక జీవితం మొత్తం ఆ సాయంత్రం మీద నిలబడి ఉంది మరి. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని వార్తను ఇంకోసారి చదివారు.

"నాన్న చెప్పే ఉంటారు. నేనే విని ఉండను. ఆయనే రావాలని నాకు ఆశ కదా" అన్నారు నెమ్మదిగా.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, కంప్యూటర్ తెరిచి ఆ వాక్యం తీసేశారు. కారణం రాయాల్సిన చోట "ఆధారం వెతికాను. నా జ్ఞాపకం తప్పని తేలింది" అని రాశారు. గుర్తు పెట్టినవారికి ధన్యవాదాలు చెప్పారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున్నుంచి ఫోన్లు మొదలుపెట్టారు. నంబరు దొరికిన ప్రతి పాత విద్యార్థికీ. "నేను మీకు చెప్పిన దాంట్లో మనిషి తప్పమ్మా, దిద్దుకో" అని. వరంగల్‌లో టీచరుగా ఉన్న నా క్లాస్‌మేట్ బెంబేలెత్తిపోయింది. స్పీకర్‌లో నాకూ వినబడింది.

"నేను సుత పిల్లలకు గదే చెప్తున్న టీచర్, ఇన్నేండ్ల సంది. ఇప్పుడు మారిస్తే కథ ఖరాబైతది."

"ఏం కాదు. మనిషి మారాడు గానీ మిరపకాయ మారలేదు కదా. రేపు క్లాసులో చెప్పెయ్."

మనసులో అంత పదిలంగా దాచుకున్నదాన్ని, ఎవరూ బలవంతపెట్టకుండా, తన చేత్తోనే కొట్టేసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఎదుటి తలుపు చూసినప్పుడల్లా నాకు తెలియకుండానే కొంగు సర్దుకునేదాన్ని.

ఆరోగ్యం చెడ్డాక కూడా ఆ శిష్యుడి పేరు కోసం వెతుకుతూనే ఉన్నారు. ఎక్కడెక్కడి యూనివర్సిటీలకో మెయిళ్ళు పెట్టారు. తెలియదనే జవాబులే వచ్చాయి. ఒక సాయంత్రం బాల్కనీలో కూర్చుని ఉండగా, ఉన్నట్టుండి అన్నారు:

"ఎవరో కుర్రవాడమ్మా. గురువు బదులు వచ్చినవాడు. తనని చూసి సభంతా నిరాశపడిందని తెలిసే ఉంటుంది. అయినా ఒక పిల్ల కోసం మెట్లు దిగి వచ్చాడు చూడు." ఆ గొంతులో బాధ లేదు. ఉన్నదంతా ఆశ్చర్యమే.

"ఎట్లుంటుండె టీచర్ ఆయన?" అన్నాను.

ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డారు. తలెత్తి పైకి చూస్తూ, చిన్నపిల్లలు పెద్దవాళ్ళ ఎత్తు చూపించినట్టు, కుడిచెయ్యి తన తలకన్నా పైకి ఎత్తారు. చాలలేదనుకున్నారేమో, మునివేళ్ళ మీద లేచి ఇంకాస్త ఎత్తారు.