స్రెతెన్ నీలం కారు

సెప్టెంబరంతా మా గ్యారేజీల వరసలో రెండే వాసనలు. నేను కాల్చే లావు ఎర్ర మిరపకాయలదొకటి, పక్క గ్యారేజీలో స్రెతెన్ కారుకు రుద్దే పాలిష్‌దొకటి. చలికాలం పచ్చడికి నేను నలభై కిలోలు కాల్చాలి. మసి ఎగిరి ఆయన కారు మీద వాలేది. ఆయనకు ఒళ్ళు మండేది.

“స్టానా, నీ పచ్చడి పాడుగాను! ఇప్పుడేగా కడిగాను దీన్ని!”

“పెళ్ళికూతురికి కూడా ఇన్ని స్నానాలుండవయ్యా!”

స్రెతెన్ చాచక్ రైల్వే స్టేషన్లో టికెట్లమ్మి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. అన్న చనిపోయిన రోజున వదినతో మాటామాటా పెరిగింది. నాలుగేళ్ళుగా ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు ఆ అన్న కూతురు జోరానాకు పెళ్ళి. చిన్నప్పుడు ఆ పిల్ల, నా పెళ్ళికి బాబాయ్ కారులోనే చర్చికి వెళ్తాననేదట. ఆ ఒక్క మాట పట్టుకుని ఈయన పాలిష్ మిషను కొన్నాడు. పిలుపు ఇంకా రాలేదు. వస్తుందని రోజూ చెప్పి నన్ను విసిగించేవాడు. ఒంటరి మనిషికి ఆశ ఎక్కువ. ఆ సంగతి నాకూ తెలుసు.

ముందు పాతసామాన్ల కొట్టు నుంచి ఒక డొక్కు కారు తలుపు తెచ్చి దాని మీద నేర్చుకున్నాడు. మొదటి రోజు మిషను చేతిలో నిలవక పాలిష్ గోడకూ కళ్ళద్దాలకూ చిమ్మింది. వారానికి చెయ్యి కుదిరింది. జానెడు చోటు తీసుకుని అడ్డంగా, నిలువుగా, నెమ్మదిగా తిప్పేవాడు. ఆ తర్వాత కారు పట్టాడు. గీతలు పోయాయని పొంగిపోయాడు. పాలిష్ జిడ్డు గీతల్ని కప్పేస్తుందట, నిజంగా పోయాయో లేదో స్పిరిటుతో ఆ జిడ్డు తుడిచి చూడమని ఫోనులో ఎవరో చెప్పారు. ఇంట్లో కాచిన సారా ఉండగా మా ఊళ్ళో స్పిరిటెవరు కొంటారు? తేనె కలిపి దాచుకున్న సీసా తెచ్చి తుడిచాడు. గీతలన్నీ మళ్ళీ పళ్ళికిలించాయి, పైగా బానెట్టంతా జిగట! నేను పడీపడీ నవ్వాను. ఆయన మిగిలిన సారా తాగేసి, మళ్ళీ మొదటికొచ్చాడు.

గురువారానికి పని ముగిసింది. బానెట్టులో నా ముఖం ముడతలతో సహా కనిపించింది.

ఆ సాయంత్రమే పెళ్ళికూతురి మేనమామ దోబ్రివోయె, పూలు కట్టిన చెక్కసీసా పట్టుకుని పిలుపులకు వచ్చాడు. ఆ సీసాలో సారా ఒక గుక్క తాగితే పెళ్ళికి వస్తామన్నట్టే. స్రెతెన్ చేతులు ప్యాంటుకు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. దోబ్రివోయె సీసా నాకందించాడు. జోరానా వాళ్ళమ్మా నేనూ ఒకే బేకరీలో పనిచేశాం మరి. తాగాను.

“మరి ఈయనకో?” అన్నాను.

“నాకు చెప్పిన ఇళ్ళకే వెళ్తున్నానమ్మా,” అన్నాడు నేల చూస్తూ. పోతూపోతూ, “కారు భలే మెరుస్తోందన్నా,” అన్నాడు.

స్రెతెన్ మళ్ళీ మిషను వేశాడు. అయిపోయిన బానెట్టు మీదే, మధ్యలో ఎత్తుగా ఉండే గట్టు మీద, కదపకుండా ఆనించి పట్టాడు. అక్కడ రంగు పలచన.

“ఆపవయ్యా! రంగు పోయి తెల్లగా తేలిపోయింది!”

ఆపాడు. నీలం మధ్య అరచేయంత తెలుపు.

“పోనీలే స్టానా. ఎవరు చూడొచ్చారు?”

నేను చూస్తున్నాను కదా అనాల్సింది. నోట్లో ఇంకా ఆ పెళ్ళిసారా ఘాటే ఉంది.