పళ్ళు చూసి ఆడనిచ్చిన ఆట

పోయిన నెలలో దవడ పన్ను సలుపు ఎక్కువై, కోడలి పోరు పడలేక మార్కాపురంలో కొత్తగా పెట్టిన పళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, చేతులకు తొడుగులు వేసుకుని మెత్తగానే "నోరు తెరువు అవ్వా" అంది. నేను తెరవలేకపోయాను. మొండితనం కాదు, దవడలు వాటంతటవే బిగుసుకుపోయాయి. కోడలు భయమనుకుంది. భయం కాదది, అసహ్యం. ఇన్నేళ్ళయినా చల్లారని అసహ్యం. నా ఈడు వాళ్ళయితే అర్థం చేసుకుంటారని ఇప్పుడు చెబుతున్నాను.

మాది గిద్దలూరు పక్కన పల్లె. ఆడపిల్లల బళ్ళో పదో తరగతి దాకా చదివాను. మా పెద్దమ్మ కూతురు నాకంటే నెలలే పెద్ద అయినా అక్కా అనే పిలిచేదాన్ని. ఇద్దరం ఒకే తరగతి. మేం తొమ్మిదిలో ఉండగా డ్రిల్లు మేడం ఎక్కడో శిక్షణకు పోయి వచ్చి, బేస్‌బాల్ అనే ఆట మోసుకొచ్చింది. ఒకరు బంతి విసరడం, ఒకరు గుండ్రటి కర్రతో కొట్టడం, కొట్టినవాళ్ళు మూడు మూలలూ చుట్టి బయలుదేరిన చోటికే రావడం, ఇంతే ఆట అని చెప్పింది. మా జట్టులో ఎక్కువమందిమి కూలికి పోయేవాళ్ళ పిల్లలం. ఆదివారం పొద్దున చర్చికీ, ఆ తర్వాత చేలకూ పోయేవాళ్ళం. జొన్నచేలల్లో మంచెలెక్కి, వడిసెలలతో రాళ్ళు విసిరి పిట్టలను తోలిన భుజాలు మావి. అక్క బంతి విసిరితే కంటికి ఆనేది కాదు, చప్పుడు మాత్రం నా చేతి తొడుగులో వినపడేది. కొట్టేవాళ్ళ వెనక గొంతుక్కూర్చుని ఆ బంతులు పట్టడం నా పని. సాయంత్రానికి ఎడమ అరచెయ్యి పొంగిపోయి చెంబు కూడా పట్టలేకపోయేదాన్ని. నాయన "ఆడపిల్ల కట్టె పట్టుకొని ఉరకడమేంది?" అని గొణిగేవాడే గానీ వద్దని ఒక్కసారీ అనలేదు.

ఆ ఏడు మామీద ఎవరికీ ఆశ లేదు. జిల్లా పోటీలకు పంపేటప్పుడు, మొదటి ఆటలోనే ఓడిపోతాం కాబట్టి సాయంత్రం రైలుకే వచ్చేయమని పెద్ద పంతులమ్మ ముందే చెప్పింది. మేం ఆ సాయంత్రం రాలేదు. దర్శి పిల్లలను ఓడించాం, ఆ తర్వాత వచ్చిన వాళ్ళందరినీ ఓడించాం. జిల్లా జట్టుగా కోస్తాలో ఒక ఊరికి పెద్ద పోటీలకు వెళ్ళాం. ఆ ఊరి పేరు ఇప్పుడెందుకులెండి. అక్కడి జట్లకు టోపీలు, మేకుల బూట్లు, తలా ఒక తొడుగు. మాలో సగం మందివి ఒట్టికాళ్ళు. మొదటిరోజు చూసి నవ్వినవాళ్ళు, మేం వరసగా గెలుస్తుంటే నవ్వడం మానేశారు. పడుకోను బడి గదులిచ్చారు, పొద్దున పెట్టిన ఉప్మాలో పురుగులుంటే ఏరి పక్కన పెట్టుకుని తిన్నాం. దానికి కూడా నేనంత అసహ్యపడలేదు.

ఫైనల్ ఆడే పొద్దున, సున్నపు గీతల దగ్గర నిలబడి ఉంటే, నిర్వాహకుల్లో ఒక పెద్దమనిషి మా దగ్గరికి వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో ముక్కుపొడి డబ్బీ. మేం బడిపిల్లలం కామనీ, పెళ్ళయిన ఆడవాళ్ళను తీసుకొచ్చి ఆడిస్తున్నారనీ అవతలి జట్టువాళ్ళు ఫిర్యాదు చేశారట. మా పుట్టిన తేదీలంటారా, బళ్ళో చేర్చుకున్న అయ్యవారు తనకు తోచినట్టు వేసినవి, సగం మందికి ఒకటే తేదీ. అందుకని పళ్ళు చూడాలన్నాడు. జ్ఞానదంతం వచ్చిందో లేదో చూస్తే వయసు తెలిసిపోతుందట.

"మరి ఆ జట్టు పిల్లల పళ్ళు కూడా చూస్తారా?" అని మేడం అడిగింది.

"వాళ్ళనెందుకండీ, చూస్తేనే పిల్లలని తెలుస్తోంది కదా. వీళ్ళ చేతులు చూడండి, బడికెళ్ళే పిల్లల చేతుల్లా ఉన్నాయా?" అన్నాడాయన.

మేడం ముఖం కందిపోయింది. మావైపు తిరిగి, "మీ ఇష్టం అమ్మా. వద్దంటే ఇప్పుడే సామాన్లు సర్దుకొని పోదాం, నేనేమీ అనను" అంది.

ఆయన ముందు అక్కను రమ్మన్నాడు. అక్క నోరు తెరవకపోగా, "ఎద్దును కొననీకి వచ్చినావా సారూ?" అని అడిగింది. చుట్టూ ఉన్న జనం గొల్లుమన్నారు. ఆయన నవ్వలేదు. "నీకు ఆడాలనుందా, లేదా?" అన్నాడు. నేను అక్క చెయ్యి పట్టుకుని, "పోదాం రాక్కా, ఈ ఆట మనకొద్దు" అన్నాను. అక్క మా అందరి ముఖాలూ చూసింది.

"ఇప్పుడు పోతే వాళ్ళన్నదే నిజమనుకుంటారు. ఆడే పోదాం" అని, తనే ముందు నోరు తెరిచింది.

ఒకరి నోట్లో పెట్టిన వేలు తువ్వాలుకు తుడిచి ఇంకొకరి నోట్లో పెట్టాడు. నా దవడ చివరిదాకా పోనిచ్చి తడిమాడు. ముక్కుపొడి ఘాటు, చెమట ఉప్పు, నాకు ముందు నిలబడిన పిల్ల ఉమ్మి, అన్నీ కలిసిన ఆ రుచి ఇప్పుడు రాస్తున్నా నాలుక మీదికి వస్తోంది. గట్టున కూర్చున్నవాళ్ళు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చూశారు. అవతలి జట్టులో ఒకే ఒక్క పిల్ల ముఖం పక్కకు తిప్పుకుంది. సంతలో మా నాయన కోడె పళ్ళు చూసేటప్పుడు ముందు దాని మెడ నిమిరి, బుజ్జగించి చూసేవాడు. ఈయన ఆ మాత్రం కూడా చేయలేదు.

కుళాయి దగ్గర నోరు పుక్కిలించి, కక్కుకుని వచ్చి ఆడాను. మేమే గెలిచాం. ఆ రోజు అక్క విసిరిన బంతిని ఎవరూ కొట్టలేకపోయారని, ఒక్క పరుగు తేడాతో కప్పు మాదైందని మేడం తర్వాత చెబుతుండేది. ఆ పరుగు ఎవరు తీశారో నన్నడిగితే చెప్పలేను. బహుమతులిచ్చేటప్పుడు ఆ పెద్దమనిషే మైకులో మమ్మల్ని మట్టిలో మాణిక్యాలన్నాడు, ఆ చేత్తోనే నా చెంప తట్టాడు. ఇంటికొచ్చి చెంప సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాను. నాయన ఆ పతకం జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగి చూపించి వచ్చాడు. ఆయనకు ఏం చెప్పను? ఎవరమూ ఇళ్ళల్లో చెప్పలేదు.

ఇప్పుడు మా పక్క ఆడపిల్లలకు బూట్లున్నాయి, తలా ఒక తొడుగుంది, తల్లులు గట్టున కూర్చుని ఆట చూస్తున్నారు. చూస్తే కడుపు నిండుతుంది. కానీ ఓడినన్నాళ్ళు ముద్దుచేసి, గెలవగానే ఎట్లా గెలిచారని ఆరా తీసే ఆ చూపు లోకంలోంచి పోయిందని మాత్రం నేను నమ్మలేను.

అక్క హనుమంతునిపాడు కోడలై పోయింది. చిన్నప్పుడు అక్క నవ్వితే మెడ వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వేది. చేలో ఈ గట్టున నవ్వితే ఆ గట్టుకు వినపడేది. ఆ ఫైనల్ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని క్రిస్మస్ పండగలకు కలిశామో, ఎప్పుడు నవ్వు వచ్చినా చప్పున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. మా అవ్వకు పాతకాలపు సిగ్గు అని వాళ్ళ మనవరాళ్ళు ముచ్చటపడుతుంటారు. అక్క అవునన్నట్టే తలూపుతుంది. నేనూ కాదనను.