పాటలోని ముసలామె

ఆ పాట వీడియోలో రెండు నిమిషాల పద్నాలుగో సెకను దగ్గర ఒక ముసలామె కనిపిస్తుంది. బోర్లించిన పాత పడవ మీద కూర్చుని ఉంటుంది. చీర తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంటుంది. నుదుట బొట్టు లేదు. చేతిలో పొడవాటి వెదురు కర్ర, దాని కొసకు ఎర్రటి గుడ్డ. పాడుతున్న అమ్మాయి, అంటే మా కాలేజీ పిల్లలు రోజంతా జపం చేసే ఆ పాప్ గాయని, ఇసుకలో చెప్పుల్లేకుండా నడుచుకుంటూ వచ్చి, ఆమె వైపు కన్నెత్తి కూడా చూడకుండా దాటి వెళ్లిపోతుంది. మొత్తం ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్ల మీద నేను పదకొండు నిమిషాలు మాట్లాడాను.

నేను తెలుగు లెక్చరర్ని. ఇన్నేళ్లుగా పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పి చెప్పి, కంటికి కనిపించిన ప్రతిదానికీ అర్థం చెప్పకపోతే అన్నం సయించని స్థితికి వచ్చాను. కూరలో ఉప్పు తక్కువైనా దానికో అంతరార్థం చెబుతావని మా ఆయన ఆటపట్టిస్తుంటాడు. పిల్లలు పోరుపెడితే యూట్యూబులో ఒక చానల్ తెరిచాను. కొత్త పాటలు తీసుకుని వాటిలో దాగిన అర్థాలు విప్పి చెప్పడం నా పని. చూసేవాళ్లు మా విద్యార్థులు, మా చెల్లెలు, అంతే.

ఈ పాట తీసింది భీమిలి ఒడ్డున. మధురవాడలో మా ఇంటి నుంచి బస్సెక్కితే ఎంతో సేపు పట్టదు. మన ఊరి సముద్రం కదా అని నాకు మరింత హుషారు వచ్చింది. మూడు రోజులు కూర్చుని ఒక్కో బొమ్మా ఆపి ఆపి చూశాను. ఆ ముసలామె బతికి లేదని తేల్చాను. గాయని తల్లి ఆత్మ అన్నాను. అందుకే కూతురికి కనిపించదన్నాను. నీళ్లోడే చీర, బొట్టు లేని నుదురు చూపించి, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలన్నాను. ఎర్రగుడ్డ తెగిపోయిన పేగుబంధం. గుడ్డ అంచు మీది మామిడి పిందెలు పండకుండానే రాలిపోయిన తల్లితనం. ఆ పిందెల కింద సన్నగా నల్లటి గీత ఒకటి కనిపిస్తే, దాన్ని తెర నిండా పెద్దది చేసి, "ఈ నల్లగీత చూడండి, ఇది సంతాపం. ఈ దర్శకుడు ఏదీ ఊరికే పెట్టడు" అని కూడా అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతు కొంచెం వణికింది. వణికించాను అనడం న్యాయం.

ఆ వీడియో నా చెయ్యి దాటిపోయింది. గాయని అభిమానులు పట్టుకుని ఊరంతా పంచారు. ఏడిపించేశారు మేడం అని ముక్కూమొహం తెలియని వాళ్లు రాశారు. ఎన్నడూ పలకరించని లెక్కల మాస్టారు స్టాఫ్ రూములో నాకు కుర్చీ జరిపాడు. శుక్రవారం పెద్ద హాల్లో అన్ని తరగతుల వాళ్లకూ దాని మీద ఉపన్యాసం ఇవ్వమని ప్రిన్సిపాల్ అడిగారు. నా ఉద్యోగజీవితంలో అలా అడగడం అదే మొదలు. నేను నేల మీద నడవలేదు.

ఆ మంగళవారం పొద్దున్న చేపలామె వచ్చింది. పదకొండేళ్లుగా మా అపార్ట్‌మెంటుకు భీమిలి నుంచి చేపలు తెచ్చే మనిషి. రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు, నెత్తి మీద స్టీలు బేసిను, మెట్ల దగ్గర్నుంచే కేక. నేను బేసిన్లోకి వంగి మొప్పలు ఎత్తి చూస్తాను, బేరమాడతాను, గిన్నె పట్టుకుని లోపలికి వస్తాను. అప్పుడప్పుడూ పాత చీరలు ఇస్తుంటాను. ఆమెతో నాకు మంచి చనువుందని నలుగురితో చెప్పుకునేదాన్ని కూడా.

ఆ రోజు ఆమె బేసిను దించలేదు.

"అమ్మా, ఫోన్లో ఆ పాట గురించి సెప్పినాది మీరే కదా?"

నేను పొంగిపోయాను. నా మాటలు చేపలామె దాకా వెళ్లాయా అనుకున్నాను. "నేనే. నువ్వూ చూశావా?"

"మా కోడలు సూపించినాది. మరి నన్నేటమ్మా అలాగ సంపీసినారు?"

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆమె నా మొహంలోకి చూసి, "ఆ పడవ మీద కూకున్నాది నానే కదమ్మా" అంది.

అప్పుడు చూశాను ఆమె మొహం. గడ్డం కింద మచ్చ, ఎడమ కంటి పక్క ముడతలు, అన్నీ నాకు కంఠతా వచ్చినవే. మూడు రోజులు తెర మీద పెద్దవి చేసి చూసినవే. బొట్టూ బేసినూ లేకపోతే ఆమె ఎవరో నాకు తెలియలేదు, అంతే సంగతి.

ఆమె తన పాటికి తాను చెప్పుకుపోతోంది. "సూటింగోళ్లు వొచ్చినపుడు ఆ పాట పాడే పిల్లే నన్ను పిలిసినాది. అమ్మమ్మా, నీ జెండా అట్టుకోని కూసింత సేపు కూకోవా అన్నాది. టీ ఇచ్చినాది. ఈలోపు కెరటం కొట్టీసి సీర తడిసిపోనాది, బొట్టు సెరిగిపోనాది. మళ్లీ ఎట్టుకుంటానంటే ఎలుతురు పోతాది, ఉండు ఉండన్నారు."

"జెండానా?"

"వల జెండా అమ్మా. సముద్రంలో వల ఏసినకాడ తేలుతాది. ఎవల వల ఏదో ఆ గుడ్డని బట్టే ఆనవాలు. మా ఇంటాయనకి కాలు పడిపోయినకాడ్నుంచి, బోటు ఎల్లినపుడల్లా మా జెండా నానే అందిత్తన్నాను."

ఇప్పుడు అందించనివ్వడం లేదట. ఆ బోటులో ఆమె కొడుకుతో పాటు ఇంకో ముగ్గురు వెళతారు. మొదట దయ్యం వచ్చింది, దయ్యం వచ్చింది అని నవ్వులాటకే అన్నారట. తర్వాత ఒకరోజు వల ఖాళీగా వచ్చింది. అప్పటి నుంచి నవ్వులాట పోయింది. చచ్చిపోయినదాని చేతి జెండా మాకొద్దు, బోటు కదిలేటప్పుడు వెనక నిలబడు అంటున్నారట. మొగుడు బతికుండగా బొట్టు లేని మనిషని ఊరందరికీ చూపించారమ్మా అంది.

"తెలిసే అన్నారేటమ్మా? ఆ పొద్దు నానిచ్చిన వంజరం సేప మెత్తబడిపోనాదని మీకు కోపం వొచ్చినాది. దానికేటి ఇలాగ సంపీసినారు?"

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి చెయ్యి రావడం లేదు. నిన్ను గుర్తుపట్టలేదమ్మా అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట చెప్పడం కన్నా అబద్ధం నాకు తేలికనిపించింది. "అయ్యో, నువ్వని తెలియకపోవడమేంటి! నువ్వు పోయావని కాదు, ఆ పాటలో పాత్ర పోయింది. సాహిత్యంలో అలా చెబుతారు" అన్నాను. నవ్వాను కూడా.

"అదేటో నాకు తెల్దమ్మా. నాను బతికే ఉన్నానని మీ నోటితోటే సెప్పీయండి. మీరు సెప్తే ఆళ్లింటారు."

"రేపే చెబుతాను" అన్నాను. ఆమె అప్పుడు బేసిను దించి నెత్తళ్ల చేపలు పెట్టింది. మామూలు కంటే ఎక్కువే పెట్టింది.

బుధవారం చెప్పలేదు. గురువారం చెప్పలేదు. శుక్రవారం ఉపన్యాసం అయ్యాక చెబుదాం, అంతలో కొంపేం మునగదు అనుకున్నాను. మునుగుతున్నది ఆమె కొంప, నాది కాదు. శుక్రవారం పెద్ద హాల్లో ఆమె మొహాన్ని గోడంత చేసి చూపించి, తెలిసి తెలిసీ ఆమెను ఇంకోసారి చంపాను. అదే ఆత్మ, అదే పేగుబంధం, అదే నల్లగీత. చివర్లో వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడం, ఆ ముసలామె నిజంగా ఎవరు?" అని అడిగింది.

నాకు అప్పుడైనా సమయం ఉంది. "ఎవరైతే ఏం? ప్రతీకకు ఊరూ పేరూ ఉండవు" అన్నాను.

హాలంతా చప్పట్లు. ఆ అమ్మాయి మాత్రం కొట్టలేదని ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది. ఆ పూట అన్నం దిగలేదు. మర్నాడు ఆ వీడియో తీసేసి, రెండు నిమిషాల కొత్తది పెట్టాను. ఆమె బతికే ఉంది, భర్తతో పిల్లలతో చల్లగా ఉంది, చేతిలో ఉన్నది వల జెండా, నేను చెప్పింది తప్పు అని చెప్పాను. మెచ్చుకున్న వాళ్లే తిట్టారు. ఆ తిట్లు నాకు చాల్లేదనిపించింది.

ఆదివారం తెల్లవారగానే భీమిలి వెళ్లాను. ఒడ్డున నలుగురు మగవాళ్లు బోటును నీళ్లలోకి తోస్తున్నారు. అందులో నిలబెట్టిన వెదురు కొసకు నీలంరంగు ప్లాస్టిక్ సంచి ముక్క కట్టి ఉంది. ఆమె అంత దూరాన, ఆరేసిన వలల వెనక నిలబడి ఉంది. పెద్ద బొట్టు. చేతిలో జెండా.

"రోజూ తెస్తావా?" అన్నాను.

"తెత్తన్నానమ్మా. ఆళ్ల మనసెప్పుడు మారుతాదో."

"ఆ మాటలు తీసేశాను. నువ్వు బతికే ఉన్నావని చెప్పాను."

"మావోడు అందరికీ సూపించినాడు. నాలుగు దినాలు పోనీ, సూద్దారి అన్నారు." ఆమె నా మీద కోపంగా లేదు. ఉంటే బాగుండేది.

బోటు నీళ్లెక్కింది. మోటారు చప్పుడు దూరమైంది. అప్పుడు చెప్పాను. "ఆ రోజు నీతో అబద్ధమాడాను. వీడియోలో నేను నిన్ను గుర్తుపట్టలేదు."

"తెల్సమ్మా" అంది, సముద్రం మీంచి చూపు తిప్పకుండానే. "గుర్తుపడితే ఈ జెండాకి కట్టిన సీర ముక్క మీరిచ్చినాదేనని సెప్పీవోరు కదా."

గుడ్డ కొసను చేత్తో పట్టుకుని చూశాను. మామిడి పిందెల అంచు. దాని కింద ఫాల్ వేసి నేనే కుట్టిన కుట్టు, అడ్డదిడ్డంగా. ఆ రోజు ఇంట్లో ఎర్రదారం అయిపోతే నల్లదారంతో కుట్టాను.