నవ్వు కోసం ఆగిన పోశన్న

మాట్లాడే బొమ్మలు, అదే టాకీ సినిమాలు, తీసే కంపెనీ పట్నం నుంచి కామారెడ్డికి వచ్చిందని, మా పగటివేషాల జోడీని రమ్మన్నదని కబురు అందగానే పోశన్న గడ్డం గీయించుకున్నాడు. ఆయనది సోమరి మొగుడి వేషం, నాది గయ్యాళి పెళ్లాం. ఎల్లారెడ్డి చుట్టుపక్కల మమ్మల్ని చూసి నవ్వనివాళ్లు లేరు.

"మనం సచ్చినంక గూడ మన మాట ఉంటదట, మల్లేశం," అన్నాడు. అదొక్కటే ఆయన ఆశ.

పొద్దున ఏడింటికి బస్సెక్కాం. ఈ దారిన వెళ్లేవాళ్లకు నాదొక సలహా: ముందు సీట్లో కూర్చోండి. వెనక కూర్చుంటే దుమ్ముతో, వేషం కట్టకుండానే ముఖానికి రంగు పడుతుంది. మాకు పడింది. పక్కన సీతాఫలాల గంపతో సాయవ్వ అనే ముసలమ్మ కూర్చుంది. సంగతి చెబితే ఎగాదిగా చూసింది.

"బొమ్మ మాట్లాడుడేంది? చూస్తెగాని నమ్మ."

కామారెడ్డి చేరేసరికి పది దాటింది. స్టేషన్ ముందు మిర్చీలు తిని చాయ్ తాగాం. మిర్చీలు బాగున్నాయి. చాయ్ గురించి నేనేమీ అనను. కంపెనీవాళ్లు స్టేషన్ వెనక ఒక ఖాళీ గోదాంలో తెరలు కట్టి, మైకు వేలాడదీశారు. రైలు కూసినప్పుడల్లా పని ఆపి కూర్చోవలసిందే.

"ఎవరూ నవ్వకూడదు. నవ్వితే అదీ మైకులో పడుతుంది," అని డైరెక్టరు చూడవచ్చినవాళ్లందరినీ బయటకు పంపాడు.

పోశన్న మొదటి మాట అని ఆగాడు. మా పద్ధతే అంత, జనం నవ్వి చల్లబడ్డాకే రెండో మాట. ఇక్కడ నవ్వేవాళ్లేరి? ఆయన అలాగే నిలబడ్డాడు, ఫిల్ము మాత్రం తిరుగుతూనే ఉంది. రెండోసారీ అంతే.

"ఇంకొక్కసారికే ఫిల్ముంది. కుదరకపోతే మీరు వెళ్లొచ్చు," అన్నాడు డైరెక్టరు.

"నవ్వు లేకుంటే నాకు మాట రాదు, మల్లేశం," అన్నాడు పోశన్న మెల్లగా. ఆయన ముఖం చూస్తే నాకు కోపం వచ్చింది. వేషానికి కట్టిన చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి బయటకు ఉరికాను. స్టేషన్ దగ్గర పండ్లమ్ముతున్న సాయవ్వనూ, అక్కడున్న హమాలీలనూ లాక్కొచ్చి, డైరెక్టరు వద్దనేలోపే మైకుకు దూరంగా, పోశన్నకు ఎదురుగా కూర్చోబెట్టాను.

"కొంగులు, తువ్వాలలు నోట్ల కుక్కుకోండ్రి. సప్పుడైతే మా బతుకు ఆగమైతది!"

పోశన్న మొదటి మాట అన్నాడు. సాయవ్వ భుజాలు ఎగిరిపడ్డాయి, కళ్లలోంచి నీళ్లు కారాయి, నోట్లో కొంగు మాత్రం జారలేదు. ఇక పోశన్నకు పూనకమే. ఆ భుజాలను చూస్తూ మాట మీద మాట అందుకున్నాడు, ఎక్కడా ఆగలేదు. అయిపోయిందనగానే గోదాం దద్దరిల్లేలా నవ్వారు. అందరికంటే పెద్ద నవ్వు డైరెక్టరుదే.

సాయంత్రం అదే బస్సు. సాయవ్వ ఒళ్లో ఖాళీ గంప. సగం దారిలో పోశన్న ఉలిక్కిపడ్డాడు.

"తప్పయింది, మల్లేశం! ఒక్కకాడ గూడ ఆగలే. బొమ్మ ఆడేటప్పుడు జనం నవ్వుతరు గద, ఎనక మాట ఎట్ల ఇనబడతది?"

సాయవ్వ జవాబిచ్చింది.

"ఇనబడకుంటే ఏమాయె? గా మాట కోసం మల్లొస్తరు. నేనైతే వస్త."

బస్సంతా నవ్వింది. ఎన్నో ఊళ్లు తిరిగాను గానీ, ఇంత సంతోషంగా ఇంటిదారి పట్టింది లేదు. పోశన్న ఆ నవ్వు చల్లబడేదాకా ఆగి, అప్పుడు రెండో మాట అన్నాడు.

"గప్పుడు కొంగు నోట్ల పెట్టుకోకు, అవ్వా."