దొరసాని అనే పేరు

వట్టివేళ్ల వాసన తగిలితే చాలు, నేను మళ్లీ ఏడేళ్లదాన్నైపోతాను. మొన్న మనవరాలు బీరువాలో దుప్పట్ల మడతల మధ్య వట్టివేళ్ల కట్ట పెడుతుంటే, ఇక్కడే మారిషస్‌లో, సుయాక్ ఊరి దగ్గర చెరకు తోటల నడుమ తెల్లదొర బంగళా, దాని వెనక అమ్మ బట్టలుతికే బండ, గంజి వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె సెగ అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

నా పేరు దొరసాని. పెట్టింది మా అవ్వ. విశాఖపట్నం వైపు జమీందారుగారి పల్లకి ఎదురైతే చెప్పులు చేతబట్టుకుని గట్టు దిగి నిలబడ్డ మనిషి, ఓడెక్కి మారిషస్ వచ్చినా ఆ దిగడం తప్పలేదని ఉడుక్కుని, సింహాద్రి అప్పన్న పూజనాడు దీపం ముందు నా చెవిలో ఆ పేరు చెప్పిందట. "దొరసాన్ని ఇంట్లోనే పుట్టించుకున్నాం గదే" అనేది, నా నోట్లో అరిసె ముక్క పెడుతూ.

తంటా ఏమిటంటే, బంగళాలోని మదామ్‌ను, అంటే తెల్లదొర భార్యను కూడా మావాళ్లు చాటున దొరసాని అనే అనేవారు. ఆమె ఇంటిపేరులో 'దు' అనే ముక్క ఉండేది. అది ఫ్రాన్సు రాజుల నాటి వంశాలకే ఉంటుందని, దాన్ని వదిలేసి పలికిన గుమాస్తా పని ఊడిందని కూలీల క్యాంపంతా చెప్పుకునేది. మాకు అసలు ఇంటిపేరే లేదు.

"ఎవులడిగినా పేరు సెప్పకే. పాప అంటే సాలు. నోరు జారితే నా పనీ పోద్ది, మన గదీ పోద్ది" అని అమ్మ బంగళాకెళ్లే దారంతా నూరిపోసేది.

చెరకు కోతల రోజుల్లో ఒక పొద్దున, దిండు గలీబులు మోసుకెళ్తున్న నన్ను మదామ్ వసారాలో ఆపింది. "కీ తో నోమ్?" అని పేరడిగింది. ఏడేళ్లదాన్ని. ఆమె పావడా అంచు లేసు చూస్తూ ఒళ్లు మరిచి "దొరసాని" అనేశాను.

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఆ మాట ఎక్కడో విన్నట్టే ఉంది. అర్థమేమిటని మెట్ల కింద ఉన్న రామయ్యను అడిగింది. అతను కూలీల మీద సర్దారు, మా తెలుగువాడే, కానీ అమ్మంటే గిట్టదు. వసారా చివర ఇస్త్రీ చేస్తున్న అమ్మ పెట్టె ఎత్తడం మరిచిపోయింది. గుడ్డ కమురు వాసన కొడుతోంది. రామయ్య టోపీ తీసి, అమ్మ వైపు ఒకసారి చూసి, "సెర్వాంత్, మదామ్" అన్నాడు. పనిమనిషి అని.

మదామ్ ముఖం విప్పారింది. అప్పటినుంచి రోజుకు పదిసార్లు "దొర్సానీ!" అని కేక. క్యాంపువాళ్లు ఆమెను చాటున కూడా ఆ మాట అనడం మానేసి, ఆమె నోటితోనే మన పిల్లను దొరసాని అనిపించాడురా అని రామయ్యను మెచ్చుకుంటూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అవ్వ మాత్రం నవ్వలేదు.

"పిలిస్తే పరిగెత్తేది ఎవులు?" అంది.

మళ్లీ ఆ పేరుతో నన్ను పిలవలేదు. అందుకు నాకు ఈనాటికీ దుఃఖమే.

ఇప్పుడా బంగళా లేదు, తుపాను తినేసింది. దాని సరిహద్దున వట్టివేళ్ల దుబ్బులు మాత్రం మిగిలాయి. బడిలో తెలుగు నేర్చుకుంటున్న మనవరాలు బీరువా మూసి, "అవ్వా, నీ పేరు దొరసాని కదా, కీ సావేదీర్?" అంది. అర్థం చెప్పమని.

పనిమనిషి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.